టెకీలా సీసాలో కొబ్బరికల్లు

మద్యం గురించి తెలుగులో రాయబోతే రెండు దారులే కనిపిస్తాయి. ఒకటి మద్యనిషేధ ఉపన్యాసం, రెండవది తాగుబోతు హాస్యం. ఈ వ్యాసం రెంటిలో దేనికీ చెందదు. గ్లాసులో రెండు చెంచాల టెకీలా పోసుకొని గంటసేపు వాసన చూస్తూ కూర్చునే వాడి రాతగా దీన్ని చదవమని మనవి.

మా తాతయ్య నల్లగొండ జిల్లాలో తాళ్లెక్కేవాడు. మా నాన్న చదువుకొని హైదరాబాదులో గుమాస్తా ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ వృత్తి మాట మా ఇంట్లో వినపడలేదు. తాతయ్య మోకు ముస్తాదు ఏమయ్యాయో కూడా నాకు తెలియదు. "మీ తాతగారు ఏం చేసేవారు?" అని ఎవరైనా అడిగితే "వ్యవసాయం" అని చెప్పమని నాకు చిన్నప్పుడే నేర్పారు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ని అమెరికాలో స్థిరపడి, ఒక మెక్సికో మద్యం పూర్వాపరాలు వెతుక్కొంటూ పోయి, చివరికి తాతయ్య దగ్గరికే వచ్చి చేరాను.

ముందు మొక్క సంగతి చెప్పాలి. అగావేను చాలామంది నాగజెముడు జాతి అనుకొంటారు. కాదు, వృక్షశాస్త్రం దాన్ని శతావరి కుటుంబంలో చేర్చింది. మన రైలుకట్టల పక్కన, చేలగట్ల మీద ముళ్లకంచెగా పెరిగే కిత్తనార దానికి దాయాదే. టెకీలాకు చట్టం ఒప్పుకొనేది మాత్రం నీలి అగావే ఒక్కటే. దానికి 1902లో వెబర్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు శాస్త్రీయనామం పెట్టాడు. నాటిన ఆరేడేళ్లకు గాని కోతకు రాదు. ఆకులన్నీ నరికేస్తే మిగిలే బరువైన దుంప అనాసపండులా ఉంటుంది కాబట్టి దాన్ని ఆ భాషలో అనాస అనే అర్థంలో 'పీన్యా' అంటారు.

స్పెయిన్ వాళ్లు రాకముందే మధ్య మెక్సికో ప్రజలు పెద్దజాతి అగావేల మొవ్వు తొలిచి, ఆ గుంటలో ఊరే తియ్యటి నీటిని తోడుకొని పులియబెట్టేవారు. ఆ తియ్యనీరు 'అగ్వామియెల్', పులిసినది 'పుల్కే'. మనకు ఈ రెంటికీ పేర్లున్నాయి: నీరా, కల్లు. ఆజ్టెక్కుల పురాణంలో ఆ మొక్కకు అధిదేవత మయావెల్. ఆమెకు నాలుగు వందల కుందేళ్లు సంతానమట, కుందేలుకో రకం మత్తట. కల్లు దుకాణం ముందు సాయంత్రం కాసేపు నిలబడ్డవారెవరికైనా ఆ లెక్క ఎక్కువనిపించదు.

పులియబెట్టడం వేరు, బట్టీ పెట్టి ఆవిరి పట్టడం వేరు. ఆ రెండవ విద్య ఎక్కడిది? టెకీలా పట్టణానికి నేను వెళ్లినప్పుడు, ఒక కర్మాగారంలో మాకు అన్నీ తిప్పి చూపించిన కుర్రవాడు, 1600 ప్రాంతంలో అల్తమీరా మార్క్విస్ అనే ప్రభువు మొదటి బట్టీ పెట్టాడని గడగడా అప్పజెప్పాడు. ఎన్నో పుస్తకాలలోనూ ఇదే కథ. ఆ పేరుగల పెద్దమనిషి పెద్రో సాంచెస్ దె తాగ్లె జీవించినది 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట. పుట్టకముందే బట్టీ పెట్టిన ప్రభువన్నమాట! ఏ పరిశ్రమకైనా మూలపురుషుడుగా ఒక జమీందారు ఉండాలన్న కోరిక ఒక్క మన దేశానిదే కాదు.

అంతకన్నా నమ్మదగిన కథ సముద్రం మీదుగా వచ్చింది. 1565 నుంచి ఫిలిప్పీన్ దీవుల నుంచి మెక్సికో పడమటి తీరానికి స్పెయిన్ ఓడలు రాకపోకలు సాగించాయి. వాటిలో నావికులుగా వచ్చిన ఫిలిప్పీన్ వాళ్లు చాలామంది తిరిగి ఓడ ఎక్కకుండా కొలీమా తీరంలో ఉండిపోయారు. అక్కడ కొబ్బరితోటలు లేచాయి. వీళ్లు కొబ్బరిగెల గీసి కల్లు తీశారు, దాన్ని తమ దేశపు పద్ధతిలో బట్టీ పెట్టి సారా కాచారు. స్థానికులు దానికి ఎంతగా అలవాటు పడ్డారంటే, 1619లో సెబాస్తియన్ దె పినెదా అనే కెప్టెన్ స్పెయిన్ రాజుకు విన్నపం పంపుకొన్నాడు: ఈ ఫిలిప్పీన్ వాళ్లందరినీ వెనక్కి పంపించాలి, లేకపోతే మన దేశపు ద్రాక్షసారాయి ఇక్కడ ఎవరూ కొనరు అని. అంతకు ముందే, 1612లో, కొబ్బరిచెట్లు నరికివేయమని ఆజ్ఞ కూడా వెలువడింది. చెట్టు నరకవచ్చు గాని చేతిలోని విద్యను ఎలా నరుకుతారు? ఆ బట్టీలు కొండలెక్కాయి. కొబ్బరికల్లుకు బదులు, కాల్చిన అగావే దుంపల రసం వాటిలో పడింది. 1621లో అర్రేగి అనే మతాధికారి రాసిన ప్రాంతవర్ణనలో అగావే నుంచి ఆవిరిపట్టిన, నీటిలా తేరిన మద్యం ప్రస్తావన ఉంది.

హెన్రీ బ్రూమన్ అనే భూగోళ శాస్త్రవేత్త 1944లో, మెక్సికో కొండల్లోని హువిచోల్ ప్రజల బట్టీలను పరిశీలించి, వాటి పుట్టుక ఆసియాలోనని ప్రకటించాడు. ఐరోపా బట్టీలో ఆవిరి గొట్టం ద్వారా బయటికి వెళ్లి చల్లబడుతుంది. వీటిలో పైన చన్నీళ్ల పాత్ర పెడతారు. దాని అడుగున ఆవిరి చెమటపట్టి లోపలి గిన్నెలోకే కారుతుంది. మన పల్లెల్లో కుండ మీద కుండ పెట్టి నాటుసారా కాచే తీరు ఎరిగినవారికి ఇంతకంటే వివరణ అక్కరలేదు. కొలంబస్‌కు ముందే అక్కడ బట్టీలు ఉండేవనే వాదం కూడా ఉంది, అది ఇంకా తేలలేదు. నా మొగ్గు ఏ వైపో దాచుకోను.

మిగిలిన చరిత్ర త్వరగా చెప్పవచ్చు. 1785లో మూడవ కార్లోస్ రాజు ఈ మద్యాన్ని నిషేధించాడు. 1795లో నాల్గవ కార్లోస్ కాలంలో క్వేర్వో కుటుంబానికి అనుమతి దొరికింది. 1873లో సెనోబియో సౌసా తన కర్మాగారం పెట్టి అమెరికాకు ఎగుమతి మొదలుపెట్టాడు. 1974లో మెక్సికో ప్రభుత్వం టెకీలా పేరుకు స్థలనామ రక్షణ కల్పించింది. హలీస్కో రాష్ట్రంలోను, మరి నాలుగు రాష్ట్రాలలోని కొన్ని ప్రాంతాలలోను తప్ప ఇంకెక్కడ చేసినా అది టెకీలా కాదు. అందుకే చిత్తూరు జిల్లాలో దక్కను కిత్తనారతో డెస్మండ్ నజరెత్ కాచి, 2011లో అమ్మకానికి తెచ్చిన మద్యం ఆ పేరు పెట్టుకోలేకపోయింది.

ఆ రక్షణకు ముందే ఒక కన్నం పడింది. 1964లో నూటికి 30 పాళ్ల వరకు, 1970లో 49 పాళ్ల వరకు వేరే చక్కెర కలపడానికి ప్రమాణాలు సడలించారు. కాబట్టి సీసా ఎంచుకొనేటప్పుడు నేను చూసే మొదటి విషయం నూటికి నూరు అగావే అన్న మాట. అది లేకపోతే సీసా ఎంత అందంగా ఉన్నా మళ్లీ అరలోనే పెట్టేస్తాను. రెండవది 'నోమ్' అనే అక్షరాల పక్కన ఉండే నాలుగంకెలు. అవి కర్మాగారం సంఖ్య. ఒకే సంఖ్యతో పదుల కొద్దీ బ్రాండ్లు కనిపిస్తే, తేడా మందులో కన్నా లేబులులోనే ఎక్కువని అర్థం.

రుచి చూడటానికి పీపాలో ఊరనిది, 'బ్లాంకో', తీసుకోవాలి. రెండు నెలలు దాటి కొయ్యపీపాలో ఉన్నది రెపొసాదో, ఏడాది దాటినది అన్యేహో, మూడేళ్లు దాటినది ఎక్‌స్ట్రా అన్యేహో (ఈ చివరి తరగతి 2006లో వచ్చింది). కొయ్య చాలా తప్పులు కప్పిపుచ్చుతుంది. బ్లాంకోకు దాగడానికి చోటు లేదు. ఉప్పు, నిమ్మబద్ద వద్దు; అవి చెడ్డ సరుకును మింగడానికి పుట్టిన ఉపాయాలని నా అనుమానం. మూతి సన్నని గ్లాసులో కొద్దిగా పోసి, నోరు కాస్త తెరిచి వాసన పీల్చాలి. రెండు చుక్కలు అరచేతిలో రుద్ది ఆరనిస్తే, మంచి టెకీలా అయితే నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప వాసన వస్తుంది, ఆ వెనుక మిరియం, పచ్చిగడ్డి. అరందాస్ వైపు ఎర్రమట్టి ఎత్తునేలల సరుకులో పండ్ల తీపి, టెకీలా లోయ సరుకులో మట్టి, ఆకుపసరు ఎక్కువంటారు. నిజమే గాని, నేల కన్నా చేసే పద్ధతిదే పెద్ద చెయ్యి. ఇటుకబట్టీలో రెండు మూడు రోజులు ఉడికి రాతిచక్రం కింద నలిగిన దుంప ఒక రుచి ఇస్తుంది. పచ్చి దుంపను 'డిఫ్యూజర్' యంత్రంలో వేడినీళ్లతో కడిగి పిండితే ఇంకో రుచి, సరిగ్గా చెప్పాలంటే రుచి లేకపోవడం.

నాకు ఎంతో ఇష్టమైన బ్రాండు ఒకటి ఇలాగే నా కళ్లముందే మారిపోయింది. సీసా అదే, ధర ఎక్కువ, వాసనలో కేకుల అంగడి! రంగు, చెక్కసారం, గ్లిసరిన్, చక్కెరపాకం ఒక శాతం లోపు కలిపితే లేబులు మీద చెప్పనక్కరలేదని నిబంధన. ఆ సీసా సగం అలాగే ఉండిపోయింది.

ఇంకో దిగులు పొలానిది. నీలి అగావేను పూయనివ్వరు. పూస్తే తీపంతా పూకాడకు పోతుంది. తల్లిమొక్క పిలకలే నాటుతారు కాబట్టి పొలాలకు పొలాలు ఒకే మొక్క నకళ్లు. 1990ల చివర తెగుళ్లు సోకి తోటలు కుళ్లిపోయాయి, 2000 నాటికి దుంప ధర ఎన్నో రెట్లు పెరిగింది. ధర చూసి అందరూ నాటారు. ఏడేళ్ల తర్వాత కొనేవాడు లేక చేలలోనే వదిలేశారు. మన మిరప, ఉల్లి రైతుకు ఏడాదికొకసారి పడే దెబ్బ వాళ్లకు ఏడేళ్ల నిరీక్షణ తర్వాత పడుతుంది. గబ్బిలాల కోసమని కొందరు ఇప్పుడు నూటికి ఐదు మొక్కలను పూయనిస్తున్నారు. నేను అలాంటి సీసాలే వెతికి కొంటాను.

టెకీలా నుంచి కొలీమా వెళ్లాను. ఊరి చౌకులో ఒకతను పెద్ద ఆనపబుర్ర మోసుకొచ్చి గ్లాసుల్లో పోసి పైన వేరుశనగపప్పులు చల్లి అమ్ముతున్నాడు. దాని పేరు 'తుబా'. ఫిలిప్పీన్ మాటే, నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా చెక్కుచెదరలేదు. అక్కడి వాళ్లు మోకు వాడరు, మానుకు గంట్లు పెట్టి ఎక్కుతారు. ఒక గుక్క తాగాను. చిన్నప్పుడు ఊరికి వెళ్లినప్పుడు తాతయ్య ఎవరూ చూడకుండా దొన్నెలో పోసి ఇచ్చినది నాలుక మీదికి వచ్చింది.

ఆ రాత్రి నాన్నకు ఫోను చేశాను. ఓడల సంగతి, పినెదా ఉత్తరం, బట్టీల సంగతి అన్నీ చెప్పాను. చాలాసేపు ఊకొడుతూ విన్నారు. చివరికి తుబా గురించి చెప్పినప్పుడు, నేను ఆయన నోట ఎన్నడూ వినని ప్రశ్న అడిగారు.

"పొద్దటి కల్లా, మాపటి కల్లా?"

నాకు తెలియదన్నాను. మరునాడు తెల్లవారగానే ఆ చౌకుకు వెళ్లి అతణ్ని అడిగి వచ్చాను. పొద్దటిదేనట.