ఎనిమిది మిల్లీమీటర్ల మాట: పెద్దల చేతుల్లో బొమ్మ ఇటుక

బొమ్మ ఇటుకలతో పెద్దలు కట్టడాలు కట్టడం, వాటి పెట్టెలను ఏళ్ల తరబడి సేకరించి దాచుకోవడం ఇటీవలి కాలపు వింతగా కనిపించవచ్చు గాని, ఆ వ్యాపకానికి దారి వేసినది పందొమ్మిదో శతాబ్దపు జర్మనీ. గ్లైడర్ ప్రయోగాలతో తరువాత ప్రసిద్ధుడైన ఒట్టో లిలియంతాల్, అతని తమ్ముడు గుస్టావ్ కలిసి ఇసుక, సుద్ద, అవిసె నూనె కలిపిన ముద్దను అచ్చుపోసి చిన్న రాతి ఇటుకలు తయారుచేయగా, ఆ తయారీ పద్ధతిని కొనుక్కున్న రుడోల్‌స్టాట్ వ్యాపారి ఫ్రీడ్రిష్ అడాల్ఫ్ రిక్టర్ 1880ల నుంచి వాటిని లంగరు గుర్తుతో విరివిగా అమ్మాడు. వాటి ప్రధాన శ్రేణికి 25 మిల్లీమీటర్ల ఘనమే కొలమానం కావడం వల్ల, ఒక పెట్టె కొన్నవారు దానికి అనుబంధమైన మరో పెట్టెను, ఆ పైన ఇంకొకదాన్ని చేర్చుకుంటూ పోయి, చివరికి చర్చిలూ కోటలూ కట్టగలిగేవారు. లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో పేటెంటు పొందిన మెకానో సామగ్రి కూడా ఇదే సూత్రం మీద నడిచింది. అరంగుళం ఎడంలో రంధ్రాలున్న లోహపు పట్టీలను మరలతో బిగించే ఆ ఆట వస్తువులతోనే మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ హార్ట్రీ, ఆర్థర్ పోర్టర్ 1934లో అవకలన సమీకరణాలను సాధించే యంత్రాన్ని నిర్మించారు. పిల్లల కోసం చేసిన వస్తువు పెద్దల చేతికి పనికిరావాలంటే అందులోని ప్రతి ముక్కా ఏ ముక్కతోనైనా కలిసే ఉమ్మడి కొలత ఉండాలి, ఆ కొలత కాలం గడిచినా మారకూడదు. ఈ షరతును డెన్మార్క్‌లో పుట్టిన లెగో ఇటుక నెరవేర్చినంత పూర్తిగా మరొకటి నెరవేర్చలేదు. ఆ ఇటుక చుట్టూ పెద్దల వ్యాపకం పెరిగిన చరిత్ర కూడా ప్రధానంగా ఆ కొలత చరిత్రే.

జట్లండ్ ద్వీపకల్పంలోని బిల్లుండ్ అనే చిన్న ఊరిలో ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ 1916లో వడ్రంగి దుకాణం కొని, ఆర్థిక మాంద్యంలో ఇళ్ల పనులు సన్నగిల్లాక 1932లో చెక్క బొమ్మల తయారీకి దిగాడు. బాగా ఆడుకో అన్న అర్థం వచ్చే 'లెగ్ గాట్' అనే డానిష్ మాటలను కుదించి తన సంస్థకు లెగో అని పేరు పెట్టాడు. ప్లాస్టిక్‌ను కరిగించి ఒత్తిడితో అచ్చులోకి పంపే యంత్రాన్ని 1946లో కొన్న ఈ వడ్రంగికి, బ్రిటన్‌లో హిలరీ ఫిషర్ పేజ్ తన కిడ్డీక్రాఫ్ట్ సంస్థ ద్వారా అమ్ముతున్న ప్లాస్టిక్ ఇటుకల నమూనాలు చేతికందాయి. 1949లో బిల్లుండ్ నుంచి వెలువడిన ఇటుకలు ఆ నమూనాలకు చాలా దగ్గరివి. మూలలను పదును చేయడం, పైనున్న బుడిపెలను చదును చేయడం, అంగుళాల లెక్కను మిల్లీమీటర్లలోకి మార్చడం వల్ల పరిమాణం దాదాపు 0.1 మిల్లీమీటరు తేడా రావడం, ఇవే ముఖ్యమైన మార్పులు. ఈ రుణాన్ని సంస్థ చరిత్ర చెప్పేవారు కొందరు తేలికగా దాటేస్తారు. అది న్యాయం కాదు. ఇటుక ఆలోచన పేజ్‌ది, దాన్ని ఒక వ్యవస్థగా మలచిన ఘనత బిల్లుండ్‌ది.

ఆ వ్యవస్థ రూపుకట్టడంలో ఓలే కిర్క్ కుమారుడు గాట్‌ఫ్రెడ్ పాత్ర పెద్దది. 1954లో ఇంగ్లండుకు వెళ్తున్న ఓడలో కోపెన్‌హాగెన్‌లోని ఒక పెద్ద దుకాణపు కొనుగోలు అధికారి బొమ్మల వ్యాపారంలో ఏ క్రమమూ లేదని వాపోవడం విన్న గాట్‌ఫ్రెడ్, తమ సరుకులో ఒక క్రమానికి లొంగేది ఏదని ఆలోచించి ఇటుకను ఎంచుకున్నాడు, 1955లో వీధులూ ఇళ్లూ ఉన్న పట్టణ పథకం రూపంలో దాన్ని మార్కెట్‌లోకి తెచ్చాడు. అప్పటికి ఇటుక అడుగు భాగం బోలుగా ఉండేది, కట్టినది గట్టిగా నిలిచేది కాదు. అడుగున గొట్టాలు అమర్చి, కింది ఇటుక బుడిపెలు ఆ గొట్టాలకూ గోడకూ నడుమ బిగుసుకునేట్లు చేసిన ఏర్పాటుకు 1958 జనవరి 28న మధ్యాహ్నం 1 గంట 58 నిమిషాలకు కోపెన్‌హాగెన్‌లో పేటెంటు దరఖాస్తు దాఖలైంది. ఆ మార్చి నెలలోనే ఓలే కిర్క్ కన్నుమూశాడు. 1963లో పాత సెల్యులోజ్ ఎసిటేట్ స్థానంలో ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ వచ్చి, వేడికీ కాలానికీ వంగిపోయే జబ్బు చాలా మేరకు తగ్గింది. 1958లో అచ్చుపోసిన ఇటుక ఈనాటి ఇటుకకు అతుక్కుంటుందన్న ప్రసిద్ధి అక్కడి నుంచి మొదలైంది.

ఈ కొలతను కొంచెం వివరంగా చూడవలసి ఉంది, ఎందుకంటే పెద్దల నైపుణ్యమంతా దీనిలోనే దాగి ఉంది. ఒక బుడిపె మధ్య నుంచి పక్క బుడిపె మధ్యకు దూరం 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు, బుడిపెను మినహాయిస్తే, 9.6 మిల్లీమీటర్లు, పలక అని పిలిచే పలుచని ముక్క ఎత్తు దానిలో మూడో వంతు, అంటే 3.2 మిల్లీమీటర్లు. ఐదు పలకలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే 16 మిల్లీమీటర్లు వస్తుంది, అది సరిగ్గా రెండు బుడిపెల వెడల్పు. ఈ సమానత వల్లనే ఇటుకలను పక్కకు పడుకోబెట్టి, బుడిపెలు గోడ వైపుకో కిందికో తిరిగేలా అమర్చి, నిలువుగా కట్టిన భాగంతో సందు లేకుండా కలపడం సాధ్యమవుతుంది. బుడిపెలు పైకి ఉండని ఈ కట్టుబడిని ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలతో 'స్నాట్' అంటారు. అనుభవజ్ఞుల పనిలో గుండ్రని గుమ్మటాలూ నునుపైన గోడలూ ఎక్కువగా దీనితోనే వస్తాయి. రెండు బుడిపెల వెడల్పు, నాలుగు బుడిపెల పొడవు ఉండే ఒకే రంగు ఇటుకలు రెండింటిని 24 విధాలుగా కలపవచ్చు. అటువంటివి ఆరు ఉంటే కలిపే విధాలు 91,51,03,765 అని కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ గణితవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో లెక్కతేల్చాడు. అంతకు ముందు సంస్థ చాలా కాలం చెప్పుకున్న సంఖ్య సుమారు పది కోట్లే. ఆరు ఇటుకలనూ ఒకదానిపై ఒకటిగా పేర్చిన గోపురాలను మాత్రమే లెక్కించడం ఆ పొరపాటుకు కారణం.

పెద్దలను ఉద్దేశించిన తొలి ప్రయత్నం కూడా కొలత సమస్యగానే ఎదురైంది. గాట్‌ఫ్రెడ్ తన సొంత ఇంటి నమూనాను ఇటుకలతో కట్టి చూడబోతే, వెడల్పుకూ ఎత్తుకూ 5కు 6 నిష్పత్తి ఉండడం వల్ల అది వాస్తుశిల్పుల లెక్కలకు పొసగలేదు. అందుకు పరిష్కారంగా 1960ల ఆరంభంలో 5 మిల్లీమీటర్ల ఘనం ఆధారంగా మాడ్యులెక్స్ అనే చిన్న ఇటుకలను వేరే సంస్థ ద్వారా తయారుచేయించాడు. ఆ ఇటుకలు మామూలు లెగో ఇటుకలతో కలవవు. వృత్తిదారులకు అమ్మజూపిన ఆ సరుకు ఎంతో కాలం నిలవలేదు, ఆ సంస్థ సూచిక ఫలకాల తయారీకి మళ్లింది. విచిత్రమేమంటే పెద్దల కోసమే చేసిన ఇటుక అంతరించగా పిల్లల ఇటుకనే పెద్దలు తమదిగా చేసుకున్నారు.

వారి రాకకు నేలను సిద్ధం చేసినది 1978. ఆ ఏడాది యెన్స్ నీగార్డ్ నూడ్‌సెన్ రూపకల్పన చేసిన, చేతులూ కాళ్లూ కదిలే సుమారు 4 సెంటీమీటర్ల మనిషి బొమ్మ, అంటే మినీఫిగర్, మార్కెట్‌లోకి రావడంతో పట్టణం, కోట, అంతరిక్షం అనే మూడు లోకాలు ఒకే మనిషి ఎత్తుకు సరిపోయేలా ఏర్పడ్డాయి. వాటితో ఆడుకున్న తరం కౌమారంలో ఇటుకలను అటక మీద పెట్టి, ఉద్యోగమూ సంసారమూ కుదిరాక 1990లలో మళ్లీ దించింది. ఇటుకలకు దూరమైన ఆ నడుమ కాలానికి వారు పెట్టుకున్న పేరు 'చీకటి యుగం'. లెగోను అభిమానించే పెద్దలు అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలతో తమను 'ఏఫోల్' అని పిలుచుకున్నారు; పెట్టెలో వచ్చిన సూచనల పుస్తకం చూడకుండా సొంతంగా కట్టినదాన్ని 'మాక్' అన్నారు. జిగురు పూయడం, ఇటుకను కోయడం, రంగు వేయడం కూడదన్న ఆచారం కూడా వారిలో చాలామంది పాటించేదే. సంక్రాంతికో దసరాకో తరతరాల బొమ్మలను దించి, కొత్తవి చేర్చి, మెట్ల మీద కొలువు తీర్చే తెలుగు ఇల్లాళ్లకు ఈ నియమనిష్ఠలు కొత్తగా తోచవు.

తమకు అవసరమైన పరికరాలను ఈ పెద్దలు తామే చేసుకోవడం ఈ చరిత్రలో అన్నిటికంటే గమనించదగిన విషయం. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ జెస్సిమన్ 1995లో ఎల్‌డ్రా అనే ప్రోగ్రాము రాసి, ఇటుకలను కంప్యూటర్ తెర మీద పేర్చి నమూనా గీసే వీలు కల్పించాడు. రెండేళ్లకే అతడు మరణించినా, ముక్కల రూపాలను ఒక్కొక్కటిగా గీసి ఆ భండారాన్ని పెంచే పని ఇతరులు కొనసాగించారు. 2000లో డాన్ జెజెక్ మొదలుపెట్టిన బ్రిక్‌బే, 2002 నుంచి బ్రిక్‌లింక్ పేరుతో, విడి ముక్కల సంతగా ఎదిగింది: అమ్మకందారు కొత్త పెట్టెలను విప్పి ముక్కలను రకాల వారీగా, రంగుల వారీగా వేరుచేసి అమ్ముతాడు, కట్టేవాడు తన కట్టడానికి కావలసిన నల్ల పలకలు నూరో, కిటికీలు నలభయ్యో ఎంచి కొంటాడు. ఏ ముక్క ఏ సంవత్సరంలో ఏ రంగులో వచ్చిందో తెలిపే జాబితా ఇక్కడ పేరుకుపోయింది.

ఇంత జరుగుతున్నా సంస్థ చాలా కాలం పెద్దలను అంచున నిలబడ్డవారిగానే చూసింది, బయటివారు పంపిన ఆలోచనలను స్వీకరించకపోవడం దాని విధానంగా ఉండేది. 1998లో వచ్చిన మైండ్‌స్టార్మ్స్ అనే రోబో పెట్టెలోని రహస్య సంకేతాలను స్టాన్‌ఫర్డ్ విద్యార్థి కెకోవా ప్రౌడ్‌ఫుట్ కొద్ది వారాల్లోనే విప్పి బయటపెట్టినప్పుడు, వ్యాజ్యానికి దిగాలా అన్న తర్జనభర్జన తరువాత, కొనుగోలుదారులు ఆ సంకేతాలను మార్చుకోవడానికి సంస్థ అనుమతించింది. అది మొదటి మెత్తదనం. 2003, 2004 సంవత్సరాల్లో వచ్చిన పెద్ద నష్టాలు మిగతా పని చేశాయి.

ఆ నష్టాల నడుమనే, 2004 ఆరంభంలో, రంగుల వివాదం వచ్చింది. పాత లేత బూడిద, ముదురు బూడిద, గోధుమ రంగులకు బదులు కొంచెం నీలిఛాయ గల రెండు బూడిద రంగులు, ఎరుపుఛాయ గల గోధుమ రంగు వచ్చాయి. పిల్లలకు కొత్త రంగులే నచ్చుతాయని సంస్థ భావించింది. కోటలకూ అంతరిక్ష నౌకలకూ బూడిద ఇటుకలను ఏళ్లుగా కూడబెట్టిన పెద్దలకు మాత్రం తమ నిల్వ అంతా ఒక్క రోజులో కొత్త ఇటుకల పక్కన మాసిన గుడ్డలా కనబడసాగింది. కొలత మారలేదు కదా అని సంస్థ తరఫున వాదించవచ్చు. అయితే ఇటుక ఇటుకతో కలవాలన్న మాటలో రంగు కూడా భాగమేనని కట్టేవారి వాదన, ఈ విషయంలో వారిదే సరైన పక్షం.

2004 అక్టోబరులో 35 ఏళ్ల యోర్గెన్ విగ్ నూడ్‌స్టోర్ప్, వ్యవస్థాపక కుటుంబానికి చెందని తొలి సారథిగా పగ్గాలు చేపట్టి, దాదాపు 13,000 వరకు పెరిగిన ముక్కల రకాలను సుమారు 7,000కు తగ్గించాడు. 2005లో అమెరికా రాజధాని పరిసరాల్లో జరిగే బ్రిక్‌ఫెస్ట్ అనే పెద్దల సమావేశానికి అతడు స్వయంగా వెళ్లాడు. మైండ్‌స్టార్మ్స్ తదుపరి రూపానికి నలుగురు అభిమానులు సలహాదారులుగా పనిచేశారు, వారికి ప్రతిఫలంగా ముట్టినవి ఎక్కువగా ఇటుకల పెట్టెలే. మసాచుసెట్స్‌కు చెందిన జేమీ బెరార్డ్ అనే అభిమాని డిజైనరుగా చేరి రూపొందించిన 2,056 ముక్కల కేఫ్ కార్నర్ 2007లో విడుదలైంది. 32 బుడిపెల చతురస్రపు పీఠం మీద లేచే ఆ భవనాన్ని పక్క భవనంతో తగిలించి వీధిగా పెంచుకోవచ్చు. ఆ శ్రేణి ఇంకా సాగుతోంది, 1955 నాటి పట్టణ పథకం పెద్దల కోసం తిరిగి పుట్టినట్లయింది. 2008లో వచ్చిన తాజ్‌మహల్ పెట్టెలో 5,922 ముక్కలుండేవి, అప్పటికి అదే అతి పెద్దది. ఉత్పత్తి ఆగాక దాని ధర బయటి మార్కెట్లో విపరీతంగా పెరిగింది, 2017లో సంస్థ దాన్ని ఒక్క ముక్క ఎక్కువగా, 5,923 ముక్కలతో మళ్లీ విడుదల చేయగానే ఆ ధరలు దిగివచ్చాయి.

కట్టడానికి కాక దాచడానికే కొనే అలవాటు ఇటువంటి ధరల వల్ల బలపడింది. 1987 నుంచి 2015 వరకు వెలువడిన పెట్టెల ధరలను పరిశీలించిన మాస్కో హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు, విప్పని పెట్టెల మీద సగటు రాబడి ఏటా 11 శాతం మేర ఉందని తేల్చారు. విప్పని పెట్టె ఆస్తి కావచ్చు గాని, అందులోని ఇటుకలు ఏ ఇటుకతోనూ కలవవు. ఈ వ్యాపకానికి మూలమైన గుణాన్ని చంపుకుని సంపాదించిన లాభం అది.

2017 సెప్టెంబరు 28న బిల్లుండ్‌లో తెరిచిన లెగో హౌస్ పై అంతస్తు ప్రదర్శనశాలలో పెద్దల సొంత కట్టడాలకు చోటు దక్కింది. 2020 నుంచి 18 ఏళ్లు పైబడినవారికి అన్న గుర్తుతో నల్ల పెట్టెలు దుకాణాల్లో కనబడుతున్నాయి. 2019లో బ్రిక్‌లింక్‌ను సంస్థే కొనేసింది. 2004లో ఆగిన లేత బూడిద రంగు మళ్లీ అచ్చుకు ఎక్కలేదు. దాని స్థానంలో వచ్చిన రంగుకు సంస్థ పెట్టిన అధికారిక నామం 'మీడియం స్టోన్ గ్రే' కాగా, ఆ సంస్థ సొంతమైన బ్రిక్‌లింక్ జాబితా మాత్రం రెండు బూడిదలనూ వేర్వేరుగానే ఉంచి, కొత్తదాన్ని కట్టేవారి మధ్య స్థిరపడిన 'లైట్ బ్లూయిష్ గ్రే' అన్న పేరుతోనే అమ్ముతోంది.