ధర్మారం రబ్బరు వేలు

2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు ఒక సిమ్ కార్డుల వ్యాపారిని అరెస్టు చేశారు. అతని ఊరు పాత కరీంనగర్ జిల్లాలోని ధర్మారం. ఇప్పుడది పెద్దపల్లి జిల్లా. అతను ఎవరి ఫోన్‌లోకీ చొరబడలేదు, ఎవరి పాస్‌వర్డూ కొట్టేయలేదు. సిమ్‌ల టార్గెట్ అందుకోవడం కోసం, తన దుకాణం గడప తొక్కని మనుషుల పేర వేలాది సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. ఆధార్‌తో మనిషి గుర్తింపు తేల్చే ఈకేవైసీకి ఆ మనిషే వచ్చి వేలు పెట్టాలి కదా అంటారా? ఆ వేళ్లను కూడా అతనే తయారు చేసుకున్నాడు.

ముడిసరుకు సర్కారు వెబ్‌సైట్‌లోనే దొరికింది. 2001లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించినప్పటి నుంచి భూమి అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ దస్తావేజుకు ఫొటో అంటించి వేలిముద్ర వేయాలి. ఒకరి భూమిని ఇంకొకరు అమ్ముకోకుండా పెట్టిన కట్టుదిట్టం అది. తర్వాత ఆ దస్తావేజుల నకళ్లు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర అన్నీ ఒకే కాగితం మీద.

ఇక పనిముట్టు. 'సర్పంచ్', 'కార్యదర్శి' అని స్టాంపులు చేసిచ్చే దుకాణం ఏ చిన్న టౌన్‌లో అయినా ఉంటుంది. వెలుతురు తగిలితే గట్టిపడే పాలిమర్ జెల్ మీద అక్షరాల ఫిల్ము పరిచి లైటు వేస్తారు. వెలుతురు పడ్డ గీతలు బిగుసుకుంటాయి, మిగతాది కడిగితే పోతుంది. అక్షరాలకు బదులు వేలిముద్రల ఫిల్ము పెడితే చేతికొచ్చేది వేలి తొడుగే. ఆ చుట్టుపక్కల జిల్లాల్లోనే ఏళ్ల తరబడి బీడీలు చుట్టి గీతలు అరిగిపోయిన ఆడవాళ్లు రేషన్ దుకాణంలో యంత్రం మీద వేలు మళ్లీ మళ్లీ నొక్కుతుంటే 'మ్యాచ్ కాలేదు' అంటుంది. రబ్బరు వేలిని మాత్రం సిమ్‌ల దుకాణంలోని యంత్రం మారుమాట లేకుండా ఒప్పుకుంది.

వేలిముద్ర పుట్టిందే కాగితం కోసం. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్ల అధికారి, రోడ్డుకు కంకర తోలే కాంట్రాక్టరు రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. రేపు 'నేను రాయలేదు' అనకుండా. 1877లో హుగ్లీలో మెజిస్ట్రేట్‌గా ఉన్నప్పుడు ఆ పద్ధతిని పింఛన్లకూ జైలుకూ, దస్తావేజుల రిజిస్ట్రేషన్‌కూ తెచ్చాడు. ముద్రలను వర్గాలుగా విడదీసి వెతికే లెక్కను 1897 నాటి కలకత్తా వేలిముద్రల బ్యూరోలో తేల్చింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ల పైఅధికారి ఎడ్వర్డ్ హెన్రీకి పోయింది. ఇంతమందిలో ఎవరూ దాన్ని రహస్యమనుకోలేదు. నలుగురి ఎదుటా వేసి, 'ఇది నాదే' అని ఒప్పుకునే నిశానీ అది.

దాన్ని తాళంచెవిగా మార్చింది మన కాలం. హెచ్చరిక మాత్రం ముందే వచ్చింది. 2002లో జపాన్‌లోని యోకొహామా జాతీయ విశ్వవిద్యాలయంలో త్సుతోము మత్సుమోతో బృందం జెలటిన్‌తో వేళ్లు పోసి, 11 రకాల స్కానర్లను మోసగించి చూపింది. అయినా 2013 సెప్టెంబరులో ఐఫోన్ 5ఎస్ వేలిముద్ర తాళంతో వచ్చింది. రెండు మూడు రోజులు తిరగకముందే జర్మనీకి చెందిన కేయాస్ కంప్యూటర్ క్లబ్ గాజు మీద పడ్డ ముద్రను ఫొటో తీసి, దాని అచ్చుతో ఆ తాళం తెరిచింది.

ఫోన్లు చేసేవాళ్లు ఈ బలహీనతను ముందే లెక్కలో వేసుకున్నారని నా నమ్మకం. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి: వేలు పెడితే ఒప్పుకోదు, పిన్ అడుగుతుంది. లోపలి సమాచారాన్ని విప్పే తాళంచెవి పిన్‌తో ముడిపడి ఉంటుంది. వేలు పనికొచ్చేది ఆ తర్వాతే. వేలిముద్ర లెక్క కూడా ఫోన్‌లోని ప్రత్యేకమైన చిప్ భాగం దాటి బయటికి పోదు. అందుకే వేలు ఎంత సులువుగా పనిచేసినా 1234 లాంటి పిన్ పెట్టుకున్న ఫోన్‌కు అసలు తలుపు తెరిచి ఉన్నట్టే. ఆరంకెలు పెట్టుకోండి, పుట్టినరోజు వద్దు. పిన్ బయటపడితే రేపు మార్చుకోవచ్చు. వేలు బయటపడితే మార్చుకుందామన్నా మొత్తం ఉన్నవి పదే.

ధర్మారంలో బోల్తాపడింది ఫోన్ తాళం కాదు, దుకాణం బల్ల మీది యంత్రం. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడగడానికి వీలిచ్చిన సెక్షన్ భాగాన్ని కొట్టేయడంతో సిమ్‌ల ఈకేవైసీ అప్పటికి ఆగింది. కానీ ఎత్తు ఆగలేదు. ఆధార్‌తో డబ్బు తీసిచ్చే చిన్న యంత్రాల దగ్గర ఇవే దొంగ వేళ్లు తిరిగొచ్చాయి. పెట్టింది బతికున్న వేలా, రబ్బరా అని తేల్చే కొత్త పద్ధతిని ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో తెచ్చింది. గీతల మలుపుల లెక్కతో పాటు వేలి బొమ్మను కూడా పోల్చి చూస్తుంది. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్స్‌కు తాళం వేసుకునే వీలూ ఉంది. తాళం వేస్తే మీ వేలు మీకే పనిచేయదు. రేషన్‌కు వెళ్లేముందు తీసి, వచ్చాక వేసుకోవాలి. ఇదంతా ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి, ఓటీపీ చూసుకోగలిగినవాళ్ల సంగతి. కొడుకు నంబరు ఇచ్చి, ఆ కొడుకు దుబాయ్‌లో ఉన్న జగిత్యాల ముసలమ్మకు ఈ తాళం ఎలా అందుతుందో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

మళ్లీ సిమ్‌ల దగ్గరికి వస్తే, మన పేర ఎన్ని తిరుగుతున్నాయో చూసుకునే ట్యాఫ్‌కాప్ పోర్టల్‌ను 2021 ఏప్రిల్‌లో టెలికాం శాఖ మొదట తెరిచింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణవాళ్లకే. ఇప్పుడది దేశమంతటికీ సంచార్ సాథీలో ఉంది. మీ నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే మీ పేరున్న నంబర్ల జాబితా వస్తుంది. అంకెలు కొన్ని దాచి చూపిస్తుంది కనుక ఇంట్లోవాళ్ల నంబర్లు పక్కన రాసిపెట్టుకుని పోల్చుకోండి. ఎరగని నంబరు కనిపిస్తే దాని ఎదురుగా 'నాది కాదు' అని ఎంచి రిపోర్ట్ నొక్కడమే.