ఎడమ కాలి కథ

"ఆటోమేటిక్ కారా? అది ఆడవాళ్ళ బండి!" అనే మాట మగవాళ్ళ నోట ఎంత సులువుగా వస్తుందో మీరూ గమనించే ఉంటారు. మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో ఉద్యోగం చేసుకుంటూ పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంటన్నర స్టీరింగు పట్టుకుని కూర్చునే ఆడపిల్లలు ఈ మాట విని నవ్వి ఊరుకుంటారు. నేను ఊరుకోలేను. బి.ఏ.లో చరిత్ర చదువుకున్న బుద్ధి ఎక్కడికి పోతుంది? ఏ మాటకైనా పుట్టుక ఎక్కడో చూడందే నిద్ర పట్టదు. తీరా చూస్తే తేలిందేమిటనుకున్నారు? కొండ ఎక్కాలంటే కారుకి ఇంకో గేరు కావాలని చెప్పిందే ఒక ఇల్లాలు!

ఆవిడ పేరు బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో భర్త కార్ల్ బెంజ్‌కి చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండి తీసుకుని, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దూరం వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకున్న సూదితో పొడిచి బాగుచేసుకుంది. పెట్రోలు బంకులు ఎక్కడివి ఆ రోజుల్లో? మందుల షాపులో కొని పోసుకుంది. కాని ఎత్తులు వచ్చినచోట బండి మొరాయించింది. పిల్లలు దిగి వెనకనుంచి తొయ్యాల్సొచ్చింది. తిరిగొచ్చాక, "ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు పెట్టండి" అంది. ఆయన పెట్టాడు.

గేరంటే బ్రహ్మవిద్యేం కాదు. బావిలోంచి నిండు బిందె తోడేటప్పుడు మెల్లిగా లాగుతాం. ఖాళీ చేద వదిలేటప్పుడు జోరుగా వదులుతాం. బరువుని బట్టి చేతివేగం మార్చుకుంటాం కదా! ఇంజనుకి ఆ తెలివి లేదు. ఒక వేగంలో తిరిగితేనే దానికి బలం. అందుకని ఇంజనుకీ చక్రాలకీ మధ్య చిన్నా పెద్దా పళ్ళచక్రాలు పెట్టి, బరువుకి తగ్గ జత కలుపుతారు. ఆ జత మార్చేటప్పుడు కాసేపు ఇంజనుని విడదీసి పెట్టేదే క్లచ్. మన ఎడమ కాలి ఉద్యోగం అదే.

చెప్పినంత తేలికా అది? తిరుగుతున్న రెండు పళ్ళచక్రాలు వేర్వేరు వేగాల్లో ఉంటే కలవవు. కరకరమని అరుస్తాయి. కదిలే బస్సు ఎక్కాలంటే దాంతోపాటు నాలుగడుగులు పరిగెత్తాలా, అక్కర్లేదా? అలాగే డ్రైవరు క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో ఇంజను వేగాన్ని సరిచేసి, అప్పుడు గేరు వెయ్యాలి. మన చౌమహల్లా పాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది, ఈసారి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చి, అది చేరకముందే 1911లో కన్నుమూశారు. లోపల నిజాంగారి ఆసనం సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. అందరి చూపూ ఆ ఆసనం మీదే. నా చూపు మాత్రం ముందు కూర్చునే డ్రైవరు చోటు మీదికి పోయింది. వెనక ప్రభువు కునుకు చెదరకుండా, ఆ కాలపు గేర్లు చప్పుడు చెయ్యకుండా మార్చాడంటే ఎంత పనితనం ఉండాలి! చరిత్రలో ఆయనకి పేరు లేదు.

ఈ బాధ తీర్చింది 1928లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ. సింక్రోమెష్ అని, పళ్ళచక్రాలు కలిసేముందు రెండిటి వేగాన్నీ సమానం చేసే ఏర్పాటు పెట్టింది. దాంతో గేరు మార్చడం మామూలు మనుషుల పనయింది. తరవాత 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ వచ్చి క్లచ్ పెడలే తీసిపారేసింది. ఎదురెదురుగా రెండు ఫాన్లు పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది చూశారా? గాలికి బదులు నూనె అనుకోండి. ఇంజను ఒక చక్రాన్ని తిప్పితే, నూనె తోసి రెండోదాన్ని తిప్పుతుంది. గేర్లు వాటంతటవే మారతాయి. ఎడమ కాలికి సెలవు!

ఇక స్పోర్ట్స్ కార్ల సంగతి. గేరు కర్ర పట్టుకుంటేనే మగతనం అనుకునేవాళ్ళకి ఈ ముక్క చెప్పండి. అమెరికా వాళ్ళు ప్రాణంగా చూసుకునే కార్వెట్ 1953లో పుట్టినప్పుడు, ఆ ఏడాది చేసిన మూడువందల కార్లూ ఆటోమేటిక్కే! రెండే గేర్ల పవర్‌గ్లైడ్. ఆ ఇంజనుకి సరిపోయే మామూలు గేరుబాక్సు షెవర్లే దగ్గర లేకపోయింది. చూసినవాళ్ళు పెదవి విరిచారు. 1955లో బలమైన ఇంజనుతోపాటు చేతి గేరు వచ్చాకే దానికి స్పోర్ట్స్ కారన్న గౌరవం దక్కింది. పోర్షె వాళ్ళు 1967లో స్పోర్టోమాటిక్ అని మధ్యేమార్గం తొక్కారు. క్లచ్ పెడల్ ఉండదు, గేరు కర్ర మీద చెయ్యి పడగానే క్లచ్ తనే విడిపోతుంది. ఇటలీ ఫెరారీ వారు 1976లో తమ మొదటి ఆటోమేటిక్ కారు తెస్తూ, దానికి గేరుబాక్సు అమెరికానుంచి తెప్పించుకున్నారు.

కథ అడ్డం తిరిగింది 1989లో. ఆ ఏడు బ్రెజిల్ పందెంలో నైజెల్ మాన్సెల్ నడిపిన ఫెరారీకి గేరు కర్ర లేదు. స్టీరింగు వెనక రెండు మీటలు. వేలితో నొక్కితే గేరు మారుతుంది. మొదటి పందెంలోనే గెలిచింది. 1997లో ఆ పద్ధతి రోడ్డు మీది ఫెరారీకీ వచ్చింది. పందెంలో గెలవడానికి గేరు కర్ర అడ్డమని మగధీరులే వదిలేశారన్నమాట. ఆ వేలి మీటల వెనక నడిచే యంత్రాంగంలో మాగ్నెటి మారెల్లి అనే ఇటలీ కంపెనీ చెయ్యి ఉంది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మన దగ్గరేమో, ఆడవాళ్ళ ఆటోమేటిక్ చరిత్ర కార్లతో మొదలవలేదు. అంబాసిడర్ రోజుల్లో గేరు స్టీరింగు పక్కనే ఉండేది. ముందు సీట్లో ముగ్గురు ఇరుక్కునేవాళ్ళు, అందులో ఆడది ఎప్పుడూ ప్రయాణికురాలే. 1972లో గేర్లే లేని లూనా వచ్చింది. 1984లో కైనెటిక్ హోండా వచ్చింది. మీట నొక్కితే స్టార్టు, గేర్లు లేవు, చీర కట్టుకుని కూడా నడపొచ్చు. మన ఊళ్ళల్లో టీచరమ్మలూ, బాంకు ఉద్యోగినులూ తమ్ముడి కోసమో ఆయన కోసమో గుమ్మంలో ఎదురుచూడ్డం మానేసింది అలాంటి బళ్ళ వల్లే. గేరు పోయినచోట స్వతంత్రం వచ్చింది. దాన్ని చిన్నచూపు చూడ్డానికి నోరెలా వస్తుందండీ?

1998 నవంబరు 22న వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి మాదాపూర్ చుట్టుపక్కలంతా రాళ్ళగుట్టలు. ఆ రాళ్ళ మధ్యే ఇప్పుడు ఇన్ని ఆఫీసులు, ఇన్ని కార్లు. సాయంత్రం ఆరింటికి మైండ్‌స్పేస్ దగ్గర ఫస్టు గేరులో పది అడుగులు, మళ్ళీ బ్రేకు, మళ్ళీ క్లచ్. మా అన్నయ్య కూతురు, "అత్తా, ఆఫీసులో బుర్ర నొప్పి, దారిలో మోకాలి నొప్పి" అనేది. 2014లో మారుతీ వారు సెలీరియోలో చవకలో ఆటోమేటిక్ పెట్టారు. లోపల మామూలు గేరుబాక్సే. క్లచ్ తొక్కే పనీ, గేరు మార్చే పనీ ఒక చిన్న యంత్రం చేస్తుంది. ఆ యంత్రాంగం ఎవరిదనుకున్నారు? ఆ మాగ్నెటి మారెల్లి వారిదే! అంటే "ఆడవాళ్ళ బండి" అని మనం నవ్వేదానికీ, గోడ మీద బొమ్మ పెట్టుకునే ఫెరారీకీ చుట్టరికం ఉంది.

అయితే చేతి గేరు అభిమానుల మాటలో నిజం లేదని అనను. పాత స్పోర్ట్స్ కారులో ఇంజను గొంతు విని, ఆ క్షణానికి గేరు తగిలించడం వీణ మీద మెట్టు పట్టడం లాంటిది. రికార్డు వింటే పాట వస్తుంది గాని వేళ్ళకి ఆ సుఖం రాదు. అందుకే 2016లో పోర్షె ఒక ప్రత్యేకమైన కారుని చేతి గేరుతోనే తెచ్చింది. అవసరం తీరిపోయాక ఏ పనైనా కళ అవుతుంది. మిక్సీ వచ్చాక రోటి పచ్చడికి గౌరవం పెరగలేదూ? కాని రోట్లో రుబ్బలేని కోడలు కోడలే కాదంటే ఒప్పుకుంటామా?

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం జరిగింది, గుర్తుందా? ఆ కార్లకి మార్చడానికి గేర్లే లేవు, ఒక్కటే గేరు. రేపటి పిల్లలకి ఈ తగవే అర్థం కాకపోవచ్చు.

ఈలోగా మన అమ్మాయిలకి నేను చెప్పేదొకటే. స్కూటరు లైసెన్సులో గేరున్నదీ లేనిదీ అని తేడా ఉంది గాని, కారు లైసెన్సులో లేదు. కాబట్టి నేర్చుకునే నెల రోజులూ క్లచ్ ఉన్న బండి మీదే నేర్చుకోండి. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, ఆ వేళకి గుమ్మంలో ఏ బండి ఉంటే ఆ బండే తియ్యాలి కదా! కొనేటప్పుడు మాత్రం మీ మోకాలిని అడిగి కొనుక్కోండి. పక్కింటాయన్ని కాదు.