యూరియా జాడ తెలిపిన గింజలు

కృష్ణా తుంగభద్రల నడుమ, ఇటిక్యాల ప్రాంతపు విద్యార్థులకు కందిచేనును గాని యూరియా బస్తాను గాని క్రొత్తగా చూపనక్కరలేదు. కాని ఉడికించని కందిగింజ యూరియాను పట్టి ఇవ్వగలదనిన ఆశ్చర్యపడుదురు.

1773లో ఫ్రెంచి రసాయనవేత్త రూయెల్ మూత్రమునుండి యూరియాను వేరుచేసెను. దానిని గుర్తించుటకు చాలకాలము నత్రికామ్లమే ఆధారము. చిక్కని యూరియా ద్రావణమునకు ఈ ఆమ్లమును చేర్చగా యూరియా నైట్రేటు తళతళలాడు తెల్లని పలుకులుగా ఏర్పడును. 1828లో వోలర్ అమ్మోనియం సయనేటును చేయబోయి వేరొక పదార్థమును పొందెను. నత్రికామ్లముతో అదియు అట్టి పలుకులనే ఇచ్చుటచే, దానిని మూత్రపు యూరియాతో పోల్చి చూచెను. రెండును ఒక్కటే! జీవుల దేహములోనే పుట్టునని తలచిన పదార్థము గాజుపాత్రలో పుట్టినది.

అయితే పలుచని ద్రావణములో ఈ పరీక్ష సాగదు. మన ప్రయోగశాలలలో పరిచితమైన బైయూరెట్ పరీక్షకును చిక్కులు లేకపోలేదు. విద్యార్థులు యూరియా ద్రావణములో నేరుగా మైలుతుత్తమును, క్షారమును పోసి, ఊదారంగు రాలేదని వాపోవుదురు. రంగునిచ్చునది యూరియా కాదు. పొడి యూరియాను కరగునట్లు వేడిచేసినపుడు, అమ్మోనియా వెలువడి మిగులు బైయూరెట్. పాలలో ఈ పరీక్ష అసలే పనికిరాదు. పాలలోని మాంసకృత్తులే ఆ రంగునిచ్చును.

యూరియాను మాత్రమే ఏరి పట్టు సాధనము గింజలలో దొరకినది. 1909లో జపాను శాస్త్రజ్ఞుడు టాకెయూచి సోయాచిక్కుడులో యూరియేజ్ అను ఎంజైమును కనుగొనెను. ఇది యూరియాను విడగొట్టి అమ్మోనియానిచ్చును. 1913లో మార్షల్ దీనితో మూత్రములోని యూరియాను కొలిచెను.

ఈ ఎంజైమును స్ఫటికముగా చూపినవాడు జేమ్స్ సమ్నర్. ఎడమచేతి వాటపువాడైన ఆయన 17వ యేట వేటలో జరిగిన ప్రమాదమున ఆ చేతినే పోగొట్టుకొనెను. ఒంటిచేతితో రసాయనశాస్త్రము కుదరదని హార్వర్డులో ఫోలిన్ ఆచార్యుడు వారించెను. (ఆ ఫోలిన్ శాఖలోనే తరువాత మన ఎల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలసి, భాస్వరమును కొలుచు రంగుపద్ధతిని 1925లో ప్రకటించెను.) సమ్నర్ వినలేదు. తొమ్మిదేండ్ల శ్రమ తరువాత, 1926లో, జాక్ చిక్కుడు గింజలనుండి యూరియేజ్ స్ఫటికములను తీసి, అది మాంసకృత్తేయనెను. జర్మనీ పండితులు నమ్మలేదు. 1946లో నోబెల్ బహుమతి వచ్చినది.

కందిగింజలోను యూరియేజ్ కలదు. 5 మిల్లీలీటర్ల పాలలో అర చెంచా పచ్చి కందిపిండి కలిపి, 5 నిమిషముల తరువాత ఎర్ర లిట్మసు కాగితమును అర నిమిషము ముంచవలెను. నీలముగా మారినచో యూరియా కలిపిరని అనుమానింపవచ్చును. పిండి కలుపకముందే ఒక కాగితమును ముంచి చూడుడు. సోడా కలిపిన పాలు కూడ దానిని నీలముగా మార్చును. సహజముగనే పాలలో కొద్ది యూరియా ఉండును గనుక, నమ్మకమైన పాలను ప్రక్కనే ఉంచి పోల్చవలెను. పిండిని మాత్రము వేయించరాదు. వేడికి యూరియేజ్ చెడిపోవును.