బూడిద కింద రొట్టె

పాంపే పేరెత్తగానే మనవాళ్ళు 1938లో అక్కడ బయటపడిన దంతపు స్త్రీమూర్తిని తలుచుకుంటారు. రెండు వేల ఏళ్ళ కిందటే భారతదేశపు సరుకు ఇటలీ దాకా వెళ్ళిందని గర్వపడతారు. ఆ దంతాన్ని చెక్కిన పనివాడెవడో మాత్రం ఎవరూ అడగరు. ఒక సమాజం దేనిమీద నిలబడిందో తెలియాలంటే ముందు దాని తిండి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. అందుకే నేను ఆ బొమ్మను వదిలి, మాడిన రొట్టెల గురించి మాట్లాడదలచాను.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపేనూ, దాని సమీపంలోని హెర్క్యులేనియంనూ పూడ్చేసింది. 1862లో పాంపేలోని ఒక రొట్టెల పొయ్యిలో 81 రొట్టెలు దొరికాయి. బొగ్గయినా వాటి ఆకారం చెడలేదు. గుండ్రంగా, ముక్కలుగా విరుచుకోవడానికి గాట్లతో ఉన్నాయి. ఆ ఊరి రొట్టెల కొట్లలో పిండి విసిరినవి అగ్నిశిలతో చేసిన పెద్ద తిరగళ్ళు. మన ఇళ్ళలోలాగా కూర్చుని చేత్తో తిప్పేవి కావు. దూలం బిగించి, గాడిదలో మనుషులో చుట్టూ తిరుగుతూ తిప్పవలసినవి.

హెర్క్యులేనియంలో దొరికిన ఒక రొట్టె మీద ముద్ర ఉంది. క్వింటస్ గ్రేనియస్ వేరస్ అనే యజమాని బానిస సెలెర్‌ది అని దాని అర్థం. రొట్టె సెలెర్‌ది, సెలెర్ వేరస్ సొత్తు. ఆనాటి ఆస్తి సంబంధాన్ని ఇంతకన్నా సూటిగా ఏ శాసనం చెప్పగలదు?

బానిసలకు విముక్తి దొరికేది కదా, కొందరు ధనికులయ్యారు కదా అని కొందరు చరిత్రకారులు అంటారు. నిజమే. అలా ధనికులైనవాళ్ళు తాము కూడా బానిసలను కొన్నారు. ఒకడికి తలుపు తెరుచుకున్నంత మాత్రాన కొట్టు కూలిపోలేదు.

ఆ కొట్టు ఎలా ఉండేదో 2023లో పాంపేలో బయటపడిన రొట్టెల కార్ఖానా చూపించింది. దాని కిటికీలు చిన్నవి, ఎత్తున ఉన్నాయి, వాటికి ఇనుప ఊచలు. వీధిలోకి దారి లేదు. బయటికి వెళ్ళాలంటే యజమాని ఇంట్లోంచే వెళ్ళాలి. తిరగళ్ళ చుట్టూ తిరిగే పశువుల అడుగులు తప్పకుండా నేలలో గాళ్ళు చెక్కారు.

అంతకు రెండేళ్ళ ముందు, 2021లో, ఊరి బయట ఒక భవంతిలో బానిసల గది దొరికింది. కర్ర చివికిపోయినా బూడిదలో మిగిలిన ఖాళీల్లో ప్లాస్టర్ పోసి సామాన్ల ఆకారం రాబట్టారు. సుమారు 16 చదరపు మీటర్ల గదిలో మూడు మంచాలు. ఒకదాని పొడవు 1.40 మీటర్లే. అది పిల్లవాడిది కావచ్చునని తవ్వినవారి అంచనా. మంచాల మధ్యనే గుర్రపు జీను సామాను పెట్టె, మూలన జాడీలు. యజమాని వస్తువులు పెట్టిన చోటే మనుషులనూ పెట్టాడు.

1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపేలో నేపుల్స్ రాజు తవ్వకాలు మొదలుపెట్టించినప్పుడు సొరంగాల్లోకి దిగినవాళ్ళలో శిక్షపడ్డ ఖైదీలున్నారు. దొరికిన విగ్రహాలు, చిత్రాలు రాజు భవనానికి చేరాయి. అంటే బానిసల నగరాన్ని వెలికి తీసినవీ సంకెళ్ళు పడ్డ చేతులే.

మ్యూజియంలో ఆ రొట్టె ముందు నిలబడ్డవాళ్ళు అది ఎన్నేళ్ళ నాటిదని అడుగుతారు. ఆ పిండి ఎవరు విసిరారని కూడా అడగాలి. చరిత్ర రచన ఆ ప్రశ్నతో మొదలుకావాలి.