చిల్లుపడిన కార్నియా పుండ్లు – మార్పిడి శస్త్రచికిత్స ఫలితాలు: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని చండ్రుగొండ 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. వరి, పత్తి పండే ఇటువంటి ప్రాంతాల్లో వడ్లగింజ, ఆకు అంచు, పుల్ల కంటికి తగలడం అసాధారణం కాదు. ఆ గాయంలో ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ వంటి శిలీంధ్రాలు చేరితే కార్నియాపై పుండు పడుతుంది. అది మానితే మచ్చ మిగులుతుంది. జనవ్యవహారంలో దానినే ‘పువ్వు’ అంటారు. ముదిరితే పొర కరిగి చిల్లుపడుతుంది.

చికిత్సా పరిణామం

1905 డిసెంబరు 7న ఎడ్వర్డ్ జిర్మ్ తొలి విజయవంతమైన మానవ కార్నియా మార్పిడి చేశాడు. దాత కన్ను సజీవుడైన బాలునిది. 1930లలో ఫిలాటొవ్ మృతుల కార్నియాల వినియోగాన్ని స్థిరపరచడంతో నేత్రదానానికి పునాది పడింది. భారతదేశంలో తొలి నేత్రనిధి 1945లో మద్రాసులో ఏర్పడింది. 1974 నాటి మెకారీ–కాఫ్‌మన్ ద్రావణం కార్నియాను సుమారు నాలుగు రోజులు నిల్వచేసే వీలు కల్పించింది. హైదరాబాదులో 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, 1989లో రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి ప్రారంభమయ్యాయి.

ఫలితాల అర్థం

ఆ సంస్థ వైద్యులు 1997లో ప్రచురించిన పరిశీలనలో అయిదేళ్లకు స్వచ్ఛంగా నిలిచిన మార్పిడులు మొత్తం మీద నూటికి సుమారు 46. శంఖాకార కార్నియా వ్యాధిలో సుమారు 95. ఒకే శస్త్రచికిత్స ఫలితం వ్యాధిని బట్టి ఎంతగా మారుతుందో ఈ అంతరం తెలుపుతుంది.

చిల్లుపడిన కంటిలో మార్పిడి తొలి లక్ష్యం చూపు కాదు. సోకిన కణజాలాన్ని తొలగించి కంటిగుడ్డును నిలపడం. వాపుతో ఉన్న కంటిలో పెద్ద పరిమాణపు పొర అమర్చవలసి రావడం వల్ల తిరస్కరణ, నీటికాసుల ముప్పు ఎక్కువ. అందుకే చిన్న చిల్లును సయనోఅక్రిలేట్ జిగురుతో మూసి, కన్ను శాంతించాక చూపు కోసం మార్పిడి చేసే పద్ధతి వచ్చింది. పొర మసకబారినా కంటిగుడ్డు దక్కితే, మరో మార్పిడికి అవకాశం మిగులుతుంది. చూపు కొలతను మాత్రమే ప్రమాణంగా తీసుకున్న పట్టికలో ఈ ఫలితం వైఫల్యంగానే నమోదవుతుంది.

ముగింపు

నూరేళ్లలో దాత కణజాలం, నిల్వ, సూక్ష్మ శస్త్రచికిత్స ఎంతో మెరుగయ్యాయి. అయినా అటవీ గ్రామాల రోగి ఫలితాన్ని నిర్ణయించేది శస్త్రచికిత్సకు ముందరి రోజులే. పసరు పోయడం, సలహా లేకుండా స్టెరాయిడ్ చుక్కలు వేయడం పుండును ముదిరిస్తాయి. కనుక ఈ చికిత్సా చరిత్రను ఆసుపత్రి లెక్కలతోపాటు, రోగి అక్కడికి చేరడానికి పట్టిన కాలంతోనూ కలిపి చదవడం అవసరం.