బొగ్గుపొడి కల, చమురు చుక్క నిజము
డీసెల్ జీపు జబ్బుల నిదాన చరిత్ర

గోదావరి ఒడ్డున రామగుండం, గోదావరిఖని పరిసరాలలో బొగ్గు ధూళి లేని వస్తువు అరుదు. ఇంటి గడపమీద, చెట్టు ఆకుమీద, ఆరవేసిన బట్టమీద అది పేరుకుంటుంది. ఆ ధూళిలో తిరిగే పాత జీపుకు అదే పెద్ద శత్రువు. కాని ఈ జీపులోని డీసెల్ ఇంజనును మొట్టమొదట ఊహించిన శాస్త్రజ్ఞుడు దానికి ఆహారంగా పెట్టదలచిన వాటిలో బొగ్గుపొడి కూడ ఒకటి. శత్రువైన ధూళి ఒకనాడు ఇంధనం కావలసినది. ఈ మార్పు ఎట్లా జరిగిందో తెలుసుకొంటే, జీపు మొరాయించినప్పుడు జబ్బు ఎక్కడున్నదో వెదకడం కూడ సులభమవుతుంది.

ఇల్లందు వద్ద బొగ్గు ఉన్నదని భూగర్భశాస్త్రజ్ఞుడు డాక్టరు విలియం కింగ్ 1871లో కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు (దక్కన్) కంపెనీ గని హక్కులు పొందింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇల్లందులో బొగ్గుతీత సాగుతున్న ఆ తొలి కాలంలోనే, జర్మనీలో రుడాల్ఫ్ డీసెల్ అనే ఇంజనీరు బొగ్గును ఆవిరియంత్రంలో తగలబెట్టడం ఎంత దుబారాయో లెక్క కట్టుతున్నాడు.

బొగ్గుపొడి ఎందుకు ఓడిపోయింది?

గాలిని ఒక్కసారిగా గట్టిగా అదిమితే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టిన ప్రతివానికీ ఇది అనుభవమే. గాలిని దాని ఘనపరిమాణంలో సుమారు ఇరవయ్యో వంతుకు అదిమితే 500 డిగ్రీలకు మించిన వేడి పుడుతుంది. ఆ వేడి గాలిలో ఇంధనం పడితే నిప్పురవ్వ అక్కరలేకుండానే అంటుకొంటుంది. డీసెల్ 1892లో పేటెంటు కోరినది ఇటువంటి ఊహకే. ఇంధనంగా బొగ్గుపొడిని కూడ ఆయన తలపోశాడు. ఆయనతో పనిచేసిన పావ్లికోవ్‌స్కీ తరువాతి కాలంలో బొగ్గుపొడి ఇంజనును నిజంగానే నడిపి చూశాడు. అయితే బొగ్గు కాలితే బూడిద మిగులుతుంది. ఆ బూడిద సిలిండరు గోడలను, పిస్టను కడియాలను ఆకురాయివలె అరగదీసింది. ద్రవ ఇంధనానికి ఈ దోషం లేదు. అందుచేత బొగ్గు పక్కకు తప్పుకొని చమురు నిలిచింది.

ఆగ్స్‌బర్గ్‌లో తయారైన ఇంజనును 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షించాడు. ఇంధనంలోని శక్తిలో నూటికి 26 పాళ్లను అది పనిగా మార్చింది. ఆనాటి ఆవిరియంత్రాలు ఇందులో సగం కూడ అందుకోలేకపోయేవి. డీసెల్ ఆ కీర్తిని ఎంతోకాలం అనుభవించలేదు. 1913 సెప్టెంబరులో ఓడలో ఇంగ్లండు వెళుతూ అదృశ్యమయ్యాడు.

చుక్కలో సగం

ఆ ఇంజనుకు ఒక పెద్ద లోపమున్నది. చమురును సిలిండరులోకి చిమ్మడానికి గట్టిగా అదిమిన గాలి కావాలి. ఆ గాలికోసం వేరే కంప్రెసరు కావాలి. అంత బరువును కార్ఖానా మోయగలదు, ఓడ మోయగలదు, బండి మోయలేదు. గాలి సాయం లేకుండా చమురునే పీడనంతో చిమ్మే మార్గాలను పలువురు వెదికారు. బెంజ్ కంపెనీలో ప్రాస్పర్ లోరాంజ్ ముందరి దహనగదిని రూపొందించాడు. రాబర్ట్ బాష్ సంస్థ 1922లో ఇంధన పంపుమీద పని ప్రారంభించి, 1927లో దానిని పెద్ద ఎత్తున తయారు చేయసాగింది. డీసెల్ ఇంజను రోడ్డుమీద నిలదొక్కుకొన్నదంటే అందులో ఈ పంపు పాలు పెద్దది.

ఆ పంపు చేసే పని ఎంత సున్నితమో ఒక చిన్న లెక్క చెబుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నదనుకొందాం. ఒక్కొక్క సిలిండరులో రెండు చుట్లకొకసారి చమురు పడుతుంది. అనగా నిమిషానికి మొత్తం 4,000 చిమ్ములు. చిమ్ముకు 30 ఘనపు మిల్లీమీటర్లు అనుకొంటే గంటకు ఏడు లీటర్లకు పైగా ఖర్చవుతుంది. నీటి చుక్క ఒకటి సుమారు 50 ఘనపు మిల్లీమీటర్లు. కనుక ఇంత బండిని లాగేది, ప్రతిసారీ, చుక్కలో ఇంచుమించు సగమే! ఆ సగం చుక్క సరియైన క్షణంలో, సన్నని పొగమంచువలె పడాలి. ఇందుకోసం పంపులోని ప్లంజరుకు, దాని బారెలుకు మధ్య సందు మిల్లీమీటరులో 500వ భాగం ప్రాంతంలో ఉంచుతారు. తల వెంట్రుక మందం దీనికి ఎన్నో రెట్లు. ఈ సందులో కదలికకు కందెన కూడ ఆ డీసెలే. అందువలన కిరోసిన్ కలిపిన డీసెల్ పోస్తే పంపు త్వరగా అరిగిపోతుంది.

జీపులోకి

మన దేశంలో ఈ పరికరాల తయారీకి 1951లో స్థాపితమైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ బెంగుళూరులో కేంద్రమైంది. మెకానిక్కులందరికీ అది ‘మైకో’. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. విల్లీస్ జీపులను బొంబాయిలో మహీంద్రా వారు 1947 ప్రాంతంలో బిగించడం మొదలుపెట్టినప్పుడు అవి పెట్రోలు బండ్లే. 1980వ దశకంలో ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ రూపొందించిన 2,112 ఘన సెంటీమీటర్ల డీసెల్ ఇంజను మహీంద్రా జీపులలోకి వచ్చింది. దానికి కొంచెం ముందుగా, 1975లో, సింగరేణిలో ఓపెన్‌కాస్ట్ తవ్వకం రామగుండం వద్ద ప్రారంభమైంది. పైమట్టి ఎత్తి బొగ్గు తీసే ఈ పద్ధతిలో దుమ్ము ఆరుబయటనే లేస్తుంది. నాలుగు చక్రాలూ లాగే బండికి అక్కడ పని ఎంతో, ప్రమాదమూ అంతే.

నాడి చూచే పద్ధతి

ఆయుర్వేదంలో రోగకారణాన్ని కనిపెట్టడాన్ని నిదానం అంటారు. పాత జీపు వైద్యానికి కూడ నిదానమే ప్రధానం. బండి లాగకపోతే వెంటనే పంపు విప్పడం అన్నిటికంటె ఖరీదైన పొరపాటు.

మొదట పొగ చూడాలి. నల్లని పొగ అంటే చమురుకు తగిన గాలి అందడం లేదని, లేదా చమురు సన్నగా చిమ్మబడడం లేదని అర్థం. బొగ్గు ప్రాంతంలో ముందుగా అనుమానించవలసింది గాలి వడపోత. అది దుమ్ముతో మూసుకొనిపోతే ఇంజను ఊపిరాడక నల్లగా కక్కుతుంది. పంపుకు ఏ దోషమూ ఉండదు. తెల్లని పొగ కాలని చమురుకు గుర్తు. చిమ్మే సమయం ఆలస్యమైనా, సంపీడనం తగ్గినా అది వస్తుంది. నీలిపొగ ఇంజను నూనె కాలుతున్నదని చెబుతుంది.

రాత్రి నిలిపిన బండి తెల్లవారి ఎంతకీ అందుకోకపోతే గొట్టాలలో గాలి చేరి ఉండవచ్చు. ఇక్కడొక చిక్కున్నది. ట్యాంకు నుండి పంపుకు చమురు పీల్చుకొనే గొట్టంలో పీడనం బయటి గాలికంటె తక్కువ. అక్కడ చిల్లు పడితే చమురు బయటికి కారకుండా గాలి లోపలికి దూరుతుంది. కనుక ‘ఎక్కడా కారడం లేదు’ అన్నమాట సాక్ష్యం కాదు. గాలి అదుముకుపోయే గుణం గలది. ప్లంజరు దానిని అదుముతూ కూర్చుంటుంది, చిమ్మే కవాటం తెరుచుకోదు. గాలిని బయటికి తోలి, అది ఎక్కడ ప్రవేశించిందో ఆ చోటును బిగించాలి. రెండవది చేయకపోతే మరునాడు మళ్లీ అదే కథ.

ఒక సిలిండరు కుంటుతున్నదని తోస్తే, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా చిమ్ము గొట్టాల నట్లను ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేసేవారు. మంచి సిలిండరు నట్టు వదిలితే ఇంజను వెంటనే తడబడుతుంది. వదిలినా ఏ మార్పూ రాకపోతే ఆ సిలిండరు అదివరకే పనిచేయడం లేదన్నమాట. అప్పుడు దాని ఇంజెక్టరును పక్క సిలిండరుది మార్చి చూడాలి. జబ్బు ఇంజెక్టరుతో పాటు కదిలితే దోషం ఇంజెక్టరుది. అక్కడే ఉండిపోతే వాల్వులలోనో, కడియాలలోనో, పంపు వైపునో వెదకాలి. ఖర్చు లేని ఈ పరీక్ష ఎన్ని కొత్త పంపుల ధరను మిగిల్చగలదో ఊహించవచ్చు.

ఏ నట్టు విప్పినా ముందు ఆ చోటును శుభ్రంగా తుడవాలి. 500వ భాగపు సందులోకి ఒక్క ధూళిరేణువు దూరినా, బాగుచేయడమే కొత్త జబ్బు తెచ్చిపెడుతుంది.

చేతికి హెచ్చరిక

ఇంజెక్టరును చేతిపంపు పరికరంమీద పరీక్షించేటప్పుడు వేలు ఎదురు పెట్టరాదు. వాతావరణ పీడనానికి నూరు రెట్లు మించిన ఒత్తిడితో వచ్చే చమురు చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైకి సూదిపోటంత గాయం కనిపిస్తుంది. నొప్పి కూడ మొదట కొద్దిగానే ఉండవచ్చు. కాని గంటలలో లోపలి కండ చచ్చిపోతుంది. పసుపు రాసి ఊరుకొంటే వేలు, ఒక్కొక్కప్పుడు చేయి, తీసివేయవలసి వస్తుంది. వెంటనే శస్త్రచికిత్సకు తీసుకొనిపోవాలి.

1997 నుండి కార్లలోకి వచ్చిన కామన్ రైల్ ఇంజనులలో పీడనం వెయ్యి రెట్లు దాటింది. వాటిలో ఇంజను తిరుగుతుండగా నట్టు వదులు చేయడం ప్రాణాంతకం. అక్కడ జబ్బును ఎలక్ట్రానిక్ పరికరమే చెబుతుంది. పాత జీపుకు నేర్చిన చేతివాటం కొత్త బండికి పనికిరాదు. కాని గాలి, చమురు, సమయం, సంపీడనం అనే నాలుగు ప్రశ్నలు మాత్రం రెండింటికీ ఒకటే.

డీసెల్ కలలోని బొగ్గుపొడి ఇంజనుకు ఆహారం కాలేదు. గోదావరిఖని దారులలో నేటికీ అది వడపోత బయటనే ఆగవలసి ఉన్నది. దానిని అక్కడ ఆపినంతకాలం ఆ సగం చుక్క తన పని తాను చేసుకుపోతుంది.